అమ్మమ్మ చదవగా, కళ్ళు మూసుకుని

నా కళ్ళజోడును భావనపాడు సముద్రం పట్టుకుపోయింది. మా చర్చి సంఘం యువజనులమంతా బస్సు మాట్లాడుకుని విహారయాత్రకు వెళ్ళిన రోజు అది. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, ఒడ్డున ఉన్న స్నేహితురాలిని పిలుస్తున్నాను. వెనుకనుంచి వచ్చిన కెరటం మెడమీద చరిచింది. పడి లేచేసరికి మొహాన కళ్ళజోడు లేదు. మూడో తరగతి నుంచి పెట్టుకుంటున్న జోడు. అద్దాలు సోడాసీసా అడుగంత మందం. అవి లేకపోతే చాచిన నా చేతివేళ్ళే నాకు విడివిడిగా కనబడవు.

ఇసుకలో చేపలు ఎండబెడుతున్న ఒక పెద్దావిడ వచ్చి నా చెయ్యి పట్టుకుని ఒడ్డుకు నడిపించింది.

"ఏటమ్మా, కళ్ళజోడు గంగమ్మకి ఇచ్చీసినావేటి? పోన్లే, ఆ తల్లి కూడా సదువుకుంతాది," అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ తిరుగు ప్రయాణంలో స్నేహితురాలి చెయ్యి వదలకుండా కూర్చున్నప్పుడు, శ్రీకాకుళంలో దిగాక, నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన మావయ్య ఎటువైపు నిలబడ్డాడో తెలియక గొంతును బట్టి తల తిప్పినప్పుడు నవ్వు రాలేదు. ఇంటికి వెళ్తూనే చెప్పేశాను, లేజర్ ఆపరేషన్ చేయించుకుంటానని.

పెళ్ళి చూపుల కోసమే అనుకున్నారు వీధిలో చాలామంది. అడిగినవాళ్ళకు అమ్మమ్మే జవాబు చెప్పేది. "పెళ్ళికి కాదమ్మా, కెరటానికి," అని.

అప్పట్లో నేను మావయ్య ప్రెస్సులో డీటీపీ పని చేసేదాన్ని. పెళ్ళికార్డులు, కరపత్రాలు, బడి మ్యాగజైన్లు, చర్చి పుస్తకాలు, ఏది వచ్చినా కంప్యూటర్లో తెలుగు కొట్టి పేజీలు దిద్దడం నా పని. ప్రెస్సు నాగావళి దగ్గరలోని ఒక వీధిలో ఉండేది. కింద ప్రెస్సు, పైన ఇల్లు. ఆ ఇంట్లో అమ్మమ్మా నేనూ ఉండేవాళ్ళం. మావయ్య తన భార్యాబిడ్డలతో వేరే వీధిలో, అమ్మా నాన్నా విజయనగరంలో. పొద్దున్న కూర్చుంటే దీపాలు పెట్టేవేళ దాకా తెరమీదే చూపు. తెర మూశాక చేతిలో ఫోను. ఊళ్ళో అప్పుడప్పుడే అందరి చేతుల్లోకి స్మార్ట్‌ఫోన్లు వస్తున్న రోజులు.

విశాఖపట్నంలో ఒక కంటి ఆసుపత్రికి మావయ్యే తీసుకెళ్ళాడు. ఒకదాని తర్వాత ఒకటిగా యంత్రాల ముందు గడ్డం ఆనించాను. నా నల్లగుడ్డు పైపొర లేజర్‌కు సరిపడా మందంగా ఉందని డాక్టరమ్మ చెప్పింది. చుక్కలమందుతో కళ్ళు మొద్దుబారాయి. రెప్పలు పడకుండా ఏదో బిగించారు. కాసేపు అంతా చీకటైంది. తర్వాత ఒక వెలుగుచుక్కను చూస్తూ ఉండమన్నారు. టకటకమని చప్పుడు, వెంట్రుక కాలినట్టు వాసన. భయానికి మనసులో ఒక కీర్తన ఎత్తుకున్నాను. రెండో చరణానికి వచ్చేసరికి అయిపోయిందన్నారు.

ఆ రాత్రి అక్కడే ఉండి మర్నాడు పొద్దున్నే మళ్ళీ చూపించుకున్నాం. కళ్ళమీద మూతలు తీసి గోడమీది అక్షరాలు చదవమన్నారు. కింది వరుస దాకా గడగడా చదివేశాను. మావయ్య నమ్మలేదు.

"డాక్టరమ్మా, కాస్త సూడండి, అంతకుముందు బట్టీ పట్టీసి సెప్తందేమో," అన్నాడు.

డాక్టరమ్మ నవ్వి బోర్డు మార్చింది. అదీ చదివాను. మావయ్య జేబురుమాలు తీసి తన కళ్ళు తుడుచుకున్నాడు.

శ్రీకాకుళం వచ్చాక మొదలైంది అమ్మమ్మ రాజ్యం. ఆమె మిషన్ బడిలో మూడో తరగతి టీచరుగా చేసి రిటైరైంది. అంతకుముందు ఏడాదే రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. అందువల్ల కళ్ళ విషయంలో ఆమె నాకు సీనియరు. గుమ్మంలోనే నిలబెట్టి ఆసుపత్రిలో ఇచ్చిన నల్లద్దాలు ఎత్తి చూసింది.

"రుద్దినావా?"

"లేదమ్మమ్మా."

"రుద్దాలనిపించినాదా?"

"అనిపించింది."

"అనిపిస్తాది. నాకూ అనిపించినాది. అనిపించినప్పుడు సేతులు రెండూ ఎనక్కి కట్టీసుకో."

ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన సూచనల కాగితాన్ని తరగతిలో పాఠం చదివినట్టు పైకి చదివింది. చుక్కలమందు వేళకు వేసుకోవాలి, వారం దాకా తలస్నానం వద్దు, పడుకునేటప్పుడు మూతలు పెట్టుకోవాలి, దుమ్ముకూ పొగకూ దూరం, నెల దాటేదాకా సముద్రస్నానం మాటే వద్దు. సముద్రం దగ్గర నావైపు ప్రత్యేకంగా ఒక చూపు చూసింది. తెరల విషయంలో మొదట్లో వీలైనంత తక్కువ చూడమని ఉంది. ఆ వాక్యాన్ని ఆమె తన పద్ధతిలో అర్థం చేసుకుంది. నా ఫోను తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టేసింది.

మోగినప్పుడల్లా బియ్యంలోంచి ఎవరో మూలుగుతున్నట్టు వినిపించేది. అమ్మమ్మ తీసి, చెయ్యంత దూరం చాపి పట్టుకుని, నాకు వచ్చిన మెసేజీలు చదివి పెట్టేది.

"'హాయ్' అంట. ఇంకేటీ నేదు. సమాదానం రాయాలేటి?"

"అక్కర్లేదమ్మమ్మా."

"అక్కర్నేకపోతే ఎందుకు పంపినాది ఆ గుంట?"

ఇలా ఆ వారంలో నా స్నేహితులందరి గుణగణాలూ ఆమెకు తెలిసిపోయాయి. నాకు మాత్రం కళ్ళు తెరిస్తే చాలు, పండగలా ఉండేది. ఫ్యాను రెక్కమీది దుమ్ము, గోడమీది బల్లి కాలివేళ్ళు, మేడమీద నిలబడితే నాగావళి మీద వంతెన, దానిమీద వెళ్ళే బస్సులు. కళ్ళజోడు తీసి పెట్టే అలవాటుకొద్దీ పడుకునే ముందు ముక్కుమీద చెయ్యి వేసుకునేదాన్ని. చెయ్యి ఖాళీగా తిరిగి వచ్చేది.

వారం గడిచి ప్రెస్సులో కూర్చున్న రోజున ఆ పండగ చెదిరింది. పొద్దున్న బాగానే ఉంది. మధ్యాహ్నానికి కళ్ళలో ఇసుక పోసినట్టయింది. తెరమీద అక్షరాల చుట్టూ మసక కమ్ముకుంది. ఒత్తేదో గుడి దీర్ఘమేదో తెలియలేదు. ముందుకు వంగి, వెనక్కి జరిగి, కళ్ళు చికిలించి కొడుతూ పోయాను. సాయంత్రం మేడెక్కితే వీధి దీపాల చుట్టూ గాజుల్లా వెలుగువలయాలు. ఉన్నదీ పోగొట్టుకున్నానేమో అనిపించింది. వంటింట్లో మూలకు కూర్చుని ఏడ్చాను.

అమ్మమ్మ వచ్చి చూసింది.

"ఏటి, ఏడుస్తన్నావా?"

నేను తల ఊపాను.

"ఏడు. ఒక పూట సుక్కల మందు మిగుల్తాది."

ఏడుపు మధ్యలోనే నాకు నవ్వొచ్చింది. ఆమె పక్కనే కూలబడి, బియ్యం డబ్బాలోంచి ఎప్పుడో నా చేతికి తిరిగి వచ్చిన ఫోను తీసుకుని, ఆసుపత్రికి తానే చేసింది. అటువైపు మాట్లాడిన అమ్మాయి ఓపికగా చెప్పింది. ఈ ఆపరేషన్ తర్వాత కొన్నాళ్ళు, ఒక్కోసారి నెలలపాటు, కన్నీటి తడి తగ్గుతుందట. తెరను చూసేటప్పుడు రెప్పలు ఆర్పడం ఎలాగూ తగ్గిపోతుంది కాబట్టి కళ్ళు ఇంకా ఎండిపోతాయట. తడి చుక్కలు మానకుండా వేసుకోవాలి, మాటిమాటికీ చూపు దూరానికి తిప్పాలి, ఫ్యాను గాలి మొహాన కొట్టకూడదు. దీపాల చుట్టూ వలయాలు మెల్లగా తగ్గుతాయి. నొప్పి గానీ ఎరుపు గానీ ఎక్కువైతే మాత్రం ఆలస్యం చేయకుండా రమ్మంది. మరో రెండు రోజుల్లో ఎలాగూ చూపించుకోవలసి ఉంది. వెళ్తే డాక్టరమ్మా అదే చెప్పింది. గాయం చక్కగా మానుతోంది, పొడిబారడమే అసలు ఇబ్బంది, పని తగ్గించుకోమంది.

సరిగ్గా అప్పుడే మా చర్చి వజ్రోత్సవ సంచిక వచ్చి పడింది. చర్చి చరిత్ర రాసింది అమ్మమ్మ తమ్ముడు. నేను చినతాత అని పిలుస్తాను. సంఘపెద్దల్లో ఒకడు, ఈమధ్యే ఉద్యోగ విరమణ చేసినవాడు. ఆయన చేతిరాత కోడి కెలికినట్టు ఉంటుంది. ఆ కాగితాల కట్ట పట్టుకుని మావయ్య నా బల్ల దగ్గర తటపటాయించాడు.

"ఒలే, ఇది ఇంకో పిల్లసేత కొట్టించీనా? నువ్వు కళ్ళు సూసుకో ముందు."

ప్రేమతోనే అన్నాడు. నాకే వదులుకోవాలనిపించలేదు. ఆ పుస్తకం మా చర్చిది. నేను పుట్టిన ఊరి చర్చి, నేను కీర్తనలు నేర్చుకున్న చర్చి. కాగితాల కట్టమీద చెయ్యి వేశాను. మెట్లమీద నిలబడి వింటున్న అమ్మమ్మ కిందికి దిగి వచ్చింది.

"టైపు నేర్సుకున్నప్పుడు సేతులు సూడకుండా కొట్టినావా, నేదా?"

"చూడకుండానే కొట్టాలమ్మమ్మా. లేకపోతే మాస్టారు వేళ్ళమీద కొట్టేవాడు."

"అయితే ఇప్పుడు కళ్ళు మూసుకొని కొట్టు. నాను సదువుతాను. ముప్పై ఏళ్ళు పిల్లలకి ఉక్తలేఖనం సెప్పినాను, నీకు సెప్పలేనేటి?"

మావయ్య నావైపు చూశాడు. నేను కుర్చీ ముందుకు లాక్కున్నాను.

మర్నాటి నుంచి ప్రెస్సు రూపమే మారిపోయింది. ఎదురుగా తిరిగే ఫ్యానును మావయ్య పక్కకు మళ్ళించాడు. తెర కింద ఎత్తుకోసం పెట్టిన లావుపాటి పుస్తకాలు తీసేశాం. తెర కంటికంటే కాస్త దిగువనుంటే రెప్ప సగం వాలి ఉంటుంది, తడి నిలుస్తుంది. వెలుగు తగ్గించి, అక్షరాలు పెళ్ళికార్డుమీద పేర్లంత పెద్దవి చేసుకున్నాను. అమ్మమ్మ నా కుర్చీ పక్కనే స్టూలు వేసుకుని, శుక్లాల తర్వాత వచ్చిన కళ్ళజోడు పెట్టుకుని, వెనక బెంచీకి కూడా వినిపించే గొంతుతో చదివేది. నేను కళ్ళు మూసుకుని కొట్టేదాన్ని.

మొదటి పేజీ అయ్యాక కళ్ళు తెరిస్తే తెరమీద ఏ భాషా కాని భాష కనిపించింది. ఎక్కడో నా వేళ్ళు ఒక మీట పక్కకు జరిగాయి. అక్కడినుంచి అంతా గందరగోళం. మావయ్య తొంగి చూశాడు.

"ఇదేటి, ఒరియా బాసా?"

"ఒరియావోలు వింటే తంతారు," అంది అమ్మమ్మ. "సెరిపీ. మళ్ళీ మొదట్నుంచి."

ఆ తర్వాత ప్రతి వాక్యానికీ ఆగి, చూపుడువేళ్ళకు గుర్తుగా మీటలమీద ఉండే బొడిపెలు తడుముకోవడం అలవాటు చేసుకున్నాను. పేరా అయ్యేసరికి ఆమె కాగితం దించేది.

"లెగు. మేడెక్కి వంతెన సూసి రా. ఏ రంగు బస్సు ఎల్తందో సెప్పాల."

మొదట్లో బద్ధకించి, సగం మెట్లలోంచే "ఎర్రది" అని తిరిగి వచ్చేదాన్ని.

"ఎర్రబస్సు ఎప్పుడూ ఉంటాది. దానెనకాల ఏటున్నాదో సెప్పు," అనేది.

దాంతో నిజంగా చూడవలసి వచ్చేది. గడ్డి ట్రాక్టరు, ఇద్దరు పిల్లల్ని ముందు కూర్చోబెట్టుకున్న స్కూటరు, అరటిగెలల ఆటో. అవి వంతెన దాటేదాకా చూసి, చుక్కలు వేసుకుని, రెప్పలు మూసి కాసేపు ఆగి కిందికి దిగితే కళ్ళు చల్లబడేవి. సాయంత్రం వెలుగు ఉండగానే ఆనాటి పేజీలు ఒకసారి కళ్ళతో చూసి తప్పులు దిద్దేదాన్ని. అప్పుడు ఆమె పక్కన కూర్చుని నా మొహమే చూసేది. చాలాసేపు రెప్ప వేయకపోతే మోచేత్తో పొడిచేది. "సేపకి రెప్పల్లేవు. నీకున్నాయి కదా, ఆర్పు."

అలా పాతిక పేజీల చరిత్ర అయింది. అచ్చుకు ముందు ప్రూఫులు చూడడానికి చినతాత వచ్చాడు. కుర్చీలో కాలుమీద కాలు వేసుకుని, టీ తాగుతూ, తన రాతను తానే మెచ్చుకుంటూ చదువుతున్నాడు. ఒక పేజీ దగ్గర కాలు దించాడు. గ్లాసు పక్కన పెట్టాడు.

"అప్పా, ఈ ఇసక సంగతేటి? ఇది నాను రాయనేదు," అన్నాడు అక్కవైపు తిరిగి.

"నువ్వు రాయనేదు," అంది అమ్మమ్మ. "నాను సదివినాను."

నాకేమీ అర్థం కాలేదు. ఆ పేజీ తీసుకుని చూశాను. చర్చి భవనం కట్టిన సందర్భం. మిషనరీ దొర స్థలం సంపాదించాడు, సంఘపెద్దలు శ్రమించారు, మేస్త్రీలు ఒడిశా నుంచి వచ్చారు. అంతవరకూ చినతాత రాసిందే. దాని కింద ఇలా ఉంది: "గోడలకు కావలసిన ఇసుకను సంఘంలోని స్త్రీలు కూలిపని ముగించుకుని వచ్చాక నాగావళి నుంచి తట్టలతో మోశారు. పసిపిల్లలు గల తల్లులు పిల్లలను పెద్దపిల్లల చేతిలో పెట్టి మోశారు." కొట్టింది నేనే. కళ్ళు మూసుకుని కొట్టాను; సాయంత్రం దిద్దినప్పుడూ ఆయన కాగితంతో పోల్చి చూడలేదు. ఆ వాక్యాల దగ్గర ఆమె గొంతు నెమ్మదించిందనీ, కాగితం చప్పుడు ఆగిందనీ అప్పుడు గుర్తొచ్చింది.

"నువ్వు సదివితే మాత్రం ఎలగొస్తాది? రాసింది నాను కదా," అన్నాడు చినతాత. గొంతులో కోపం ఉంది. "కమిటీ వాళ్ళు అడిగితే ఏటి సెప్పాల?"

"గుడి కట్టినప్పుడు నువ్వెక్కడున్నావురా?"

ఆయన నా చేతిలోంచి పేజీ తీసుకున్నాడు.

"అమ్మ సంకలో ఉన్నావు. నిన్ను నా సేతిలో పెట్టీసి అమ్మ ఏట్లోకి దిగీది. నువ్వు ఏడిస్తే గట్టుమీద తిప్పీదాన్ని. తట్ట దించి, తడి సేతుల్తోనే నీకు పాలిచ్చి, మళ్ళీ ఎల్లీది. నువ్వు పుస్తకాల్లో సూసి రాసినావు. నాను కళ్ళతో సూసినాను."

ప్రెస్సులో మిషను ఆగి ఉంది. మావయ్య పని ఉన్నవాడిలా కాగితాలు సర్దాడు. చినతాత ఆ పేజీని మళ్ళీ చదివాడు. ఈసారి పెదవులు కదిలాయి. తలెత్తాడు. కోపం పోయింది. మూడో తరగతి పిల్లవాడి మొహం అది.

"నాకెవులూ సెప్పనేదు అప్పా."

"నువ్వడగనేదు మరి."

"అమ్మతో ఇంకెవులెవులు మోసినారు?"

అమ్మమ్మ చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ళ మేనత్త, వీధి చివర ఉండే మంత్రసాని, కళ్ళు సరిగా కనబడక ముందున్నామె కొంగు పట్టుకుని నడిచిన ఒక ముసలామె. ఒక్కొక్కరి పేరూ, ఎవరి తాలూకో, వాళ్ళ పిల్లలు ఇప్పుడెక్కడ ఉన్నారో. నేను కుర్చీలో సర్దుకుని కళ్ళు మూసుకున్నాను. ఆమె చెబుతుంటే చినతాత మధ్యమధ్య "నెమ్మదిగా సెప్పప్పా, పిల్ల కొట్టుకోవాల," అనడం వినిపిస్తోంది. ఆ పేజీ ఒకటిన్నర పేజీ అయింది.

సంచిక విడుదల రోజున చినతాత ఆ భాగాన్ని తానే పైకి చదివాడు. పేర్లు వచ్చినప్పుడు చాపలమీద కూర్చున్న ఆడవాళ్ళలో కదలిక పుట్టింది. ఒకామె లేచి, "మా నాయనమ్మ!" అని పక్కవాళ్ళందరికీ చెప్పింది. అమ్మమ్మ మాత్రం ఆయన ఒత్తులు సరిగా పలుకుతున్నాడా లేదా అని చెవి ఒగ్గి వింటూ కూర్చుంది.

నా కళ్ళు కుదుటపడడానికి నెలలు పట్టింది. మొదట దీపాల చుట్టూ వలయాలు పలచబడ్డాయి, తర్వాత మధ్యాహ్నపు మసక పోయింది. చుక్కలు రోజుకు ఎన్నోసార్లనుంచి పొద్దునా సాయంత్రమూ రెండుసార్లకూ, అక్కడినుంచి అవసరమైనప్పుడు వేసుకోవడానికీ తగ్గాయి. చివరిసారి చూసిన డాక్టరమ్మ, తెరముందు ఎలా నెట్టుకొచ్చావని అడిగింది. మా అమ్మమ్మ చదివితే కళ్ళు మూసుకుని కొట్టానని చెప్పాను. ఆవిడ రాస్తున్న కలం ఆపి, కథంతా మొదటినుంచీ చెప్పించుకుంది.

ఇక చదివి పెట్టే పని లేదని నేను చెప్పినా అమ్మమ్మ రావడం మానలేదు. టీ తాగి దిగి వచ్చి స్టూలు లాక్కునేది. నాకూ ఆ గొంతు పక్కన లేకపోతే వేళ్ళు సాగేవి కావు. అయితే ఆమె రుచి మరిగింది. ఒకసారి పెళ్ళికార్డు చదివి పెడుతూ వరుడి పేరు పక్కన బీటెక్ చదివి, వధువు పేరు పక్కన ఎమ్మెస్సీ అనీ చదివింది. ప్రూఫు చూసిన మావయ్య కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, పెళ్ళికూతురు డిగ్రీ వాళ్ళు రాయనేదు!"

"రాయనేదు. నా దగ్గరే సదువుకున్నాది ఆ గుంట. ఎమ్మెస్సీ పాసయినాది, మిఠాయి తెచ్చి ఇచ్చినాది నాకు."

మావయ్య తల పట్టుకుని పెళ్ళివారికి ఫోను చేశాడు. జరిగింది చెప్పాడు. అటువైపు పెళ్ళికూతురి తండ్రి పెద్దగా నవ్వడం మాకూ వినిపించింది. అలాగే ఉంచెయ్యమన్నాడు.

ఆ పెళ్ళి తర్వాత, కార్డులకు వచ్చేవాళ్ళు బల్లమీద కాగితం పెడుతూనే అడగడం మొదలుపెట్టారు. "టీచరమ్మగోరు ఒకసారి సదువుతారా?" అని.